కారల్లం – ఎండిన మొక్కలో దాగిన తెలుగు మాట

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)



ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసుకున్న వారికి, డిగ్రీలో వృక్షశాస్త్రం చదివే వారికి ‘హెర్బేరియం’ అనే మాట కొత్త కాదు. ప్రాక్టికల్ పరీక్షకు కొన్ని మొక్కలు ఎండబెట్టి, అట్ట మీద అంటించి, మార్కులు వేయించుకుని, ఆ తరువాత అటక మీద పడేస్తాము. చాలామందికి దానితో ఉన్న పరిచయం అంతే. కాని ఆ ఎండిన మొక్క వెనుక ఒక శాస్త్రం ఉంది, చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన గోదావరి జిల్లాలకు పెద్ద పాత్ర ఉంది. ప్రపంచంలోని వృక్షశాస్త్రజ్ఞులు రెండు వందల ఏళ్ళకు పైగా పలుకుతున్న ఒక మొక్క పేరు మన తెలుగువాళ్ళు చెప్పిన పేరే. ఆ మొక్కను ఉదాహరణగా తీసుకుని హెర్బేరియం నమూనా అంటే ఏమిటి, దానిని ఎలా చదవాలి, ఎలా తయారు చేయాలి అనే విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మొక్క పరిచయం

దీనిని చాలాచోట్ల కుందేటి కొమ్ములు అంటారు. లేని వస్తువును చెప్పాలంటే మన భాషలో ‘కుందేటి కొమ్ము’ అంటాము కదా! ఈ మొక్క మాత్రం నిజంగా ఉంది. నీరు నిలిచే వరిచేలలో ఇది పెరగదు. మెట్ట నేలల్లో, రాళ్ళ గుట్టల మీద, ముళ్ళపొదల నీడలో పెరుగుతుంది. జానెడు నుంచి మూరెడు ఎత్తు ఉంటుంది. కాండం ఆకుపచ్చగా, నాలుగు పలకలుగా, కండపట్టి ఉంటుంది. మొదట్లో లావుగా ఉండి చివరకు పోనుపోను సన్నబడుతుంది. ఆకులు చాలా చిన్నవి, త్వరగా రాలిపోతాయి. అందుచేత ఆకు చేయవలసిన కిరణజన్య సంయోగక్రియ పనిని కాండమే చేస్తుంది. నీటిని దాచుకునే పని కూడా కాండానిదే.

పువ్వులు చిన్నవి. అయిదు రేకులతో నక్షత్రంలాగా, ఊదా రంగు కలిసి ఉంటాయి. ఇవి ఈగలను ఆకర్షిస్తాయి. పరాగ సంపర్కం వాటి వల్లనే జరుగుతుంది. కాయలు జంటగా, సన్నగా, నిలువుగా కొమ్ముల్లాగా వస్తాయి. కాయ పగిలితే గింజకు పట్టు కుచ్చు ఉంటుంది. జిల్లేడు కాయ పగిలినప్పుడు గాలిలో ఎగిరే దూదిని చూశారు కదా, ఇదీ అలాంటిదే. ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం. పాత పుస్తకాల్లో ఆ కుటుంబాన్ని ఆస్క్లిపియడేసి అని రాస్తారు. ఇప్పుడు దానిని గన్నేరు కుటుంబమైన అపోసైనేసిలో కలిపారు.

దీని శాస్త్రీయ నామం కారల్లుమా అడ్‌సెండెన్స్. ఇందులో ‘అడ్‌సెండెన్స్’ లాటిన్ మాట, పైకి లేచేది అని అర్థం. మరి ‘కారల్లుమా’ ఎక్కడిది? అది తెలియాలంటే 230 ఏళ్ళ వెనక్కు, సామర్లకోటకు వెళ్ళాలి.

సామర్లకోటలో ఒక వైద్యుడు

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లాండు దేశస్థుడు. 1751లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడుగా 1776లో మద్రాసు వచ్చాడు. 1781లో అతనిని సామర్లకోటకు పంపారు. ఆ ఊరు నిన్నమొన్నటి వరకు తూర్పు గోదావరిలో ఉండేది, 2022 నుంచి కాకినాడ జిల్లాలో ఉంది. అక్కడ అతను ఒక తోట వేసి మిరియాలు, నీలిమందు వంటి వాటి మీద ప్రయోగాలు చేశాడు. రోజూ వర్షపాతం కొలిచి రాసి పెట్టుకున్నాడు. చుట్టుపక్కల పొలాలు, కొండలు, ఉప్పుటేర్లు తిరిగి మొక్కలు సేకరించాడు. దొరికిన ప్రతి మొక్కకు వర్ణన రాయడం, మన దేశపు చిత్రకారుల చేత రంగుల బొమ్మ వేయించడం, స్థానికులు ఏమని పిలుస్తారో అడిగి ఆ పేరు రాసుకోవడం అతని పద్ధతి.

అతనికి ముందు ఈ తీరంలో పనిచేసినవాడు యోహన్ కోనిగ్. శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు శిష్యుడు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే మరో వైద్యుడు ఇక్కడి ఉపయోగకరమైన మొక్కల మీద ఒక పుస్తకం తేవాలని కంపెనీకి సూచించాడు. రాక్స్‌బర్గ్ పంపిన బొమ్మలు, వర్ణనల నుంచి ఏరి, లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాల గ్రంథం 1795 – 1820 మధ్య వెలువడింది. అందులో 300 బొమ్మలు ఉన్నాయి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్నది 1781 – 1793 మధ్య. అంటే కాలువలు రాకముందు, ఊరూరా వరిచేలు పరచుకోకముందు మన ప్రాంతంలో ఏ మొక్కలు ఉండేవో చెప్పే సాక్ష్యాలలో అతని రాతలు ముఖ్యమైనవి.

ఉప్పెనలో పోయిన మొక్కలు

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెనుతుఫాను, ఉప్పెన ముంచెత్తాయి. రాక్స్‌బర్గ్ అంతవరకు సేకరించిన ఎండు మొక్కలు, పుస్తకాలు, కాగితాలు ఇంజరంలో ఉండేవి. యానానికి దగ్గరలో ఉన్న ఊరే అది. అవన్నీ ఆ నీటిలో పోయాయి. 1996 నవంబరు 6 తుఫాను గురించి మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళకు ఆ దృశ్యం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇళ్ళు, పశువులు, మనుషులు పోయిన చోట ఎండు మొక్కల కట్టల గురించి బాధపడటం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని పోయినది ఏళ్ళ తరబడి పోగుచేసిన జ్ఞానం. అతను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మనం చూస్తున్న గ్రంథం చాలావరకు ఆ రెండవ ప్రయత్నం ఫలితమే.

హెర్బేరియంల వారు ఒకే మొక్కకు రెండు, మూడు ప్రతులు తయారు చేసి వేరు వేరు ఊళ్ళలో ఎందుకు దాచుతారో దీనివల్ల అర్థమవుతుంది. 1943 మార్చిలో బెర్లిన్ హెర్బేరియం మీద బాంబులు పడి లక్షల నమూనాలు కాలిపోయాయి. వాటిలో కొన్నింటికి ఇతర దేశాల్లో ప్రతులు ఉండబట్టి ఆ మొక్కల సంగతి ఇప్పటికీ తెలుస్తోంది. ప్రతి లేనివి శాశ్వతంగా పోయాయి.

కారల్లం పేరు లండన్ చేరడం

‘కోరమాండల్ తీరపు మొక్కలు’ మొదటి సంపుటంలో 30వ బొమ్మ మన కుందేటి కొమ్ములదే. రాక్స్‌బర్గ్ 1795లో దానికి స్టపీలియా అడ్‌సెండెన్స్ అని పేరు పెట్టాడు. దానితో పాటు తెలుగువాళ్ళు ఈ మొక్కను ‘కార్-అల్లం’ అంటారని ఇంగ్లీషు అక్షరాలలో అచ్చు వేయించాడు. దీని కండగల కొమ్మలను ఇక్కడివాళ్ళు పచ్చిగా తింటారనీ, రుచి కొంచెం చేదుగా, ఉప్పగా ఉంటుందనీ కూడా రాశాడు.

1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త జిల్లేడు కుటుంబాన్ని పరిశీలించి, ఈ మొక్క దక్షిణాఫ్రికా స్టపీలియాలకు చెందదని తేల్చాడు. కొత్త ప్రజాతి ఏర్పాటు చేసి దానికి ‘కారల్లుమా’ అని పేరు పెట్టాడు. కణంలో కేంద్రకానికి ఆ పేరు పెట్టినదీ, భౌతికశాస్త్రంలో మనం చదివే బ్రౌనియన్ చలనం ఎవరి పేరున ఉన్నదో ఆయనా ఈ బ్రౌనే. పేరు ఎక్కడి నుంచి తీసుకున్నాడో ఆయన వివరించలేదు. అందుచేత కొందరు ఇది అరబ్బీ మాట నుంచి వచ్చిందని రాశారు. కాని బ్రౌన్ తీసుకున్న మొక్క రాక్స్‌బర్గ్ మొక్క, దాని పక్కనే అచ్చయి ఉన్నది తెలుగు పేరు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పేరు తెలుగుదే అనడం సబబుగా ఉంది.

ఇక ‘కారల్లం’ అంటే ఏమిటి? మన భాషలో ‘కారు’ అనే మాట అడవికి సంబంధించిన చాలా మాటల ముందు వస్తుంది. అడవిలో రేగే మంట కార్చిచ్చు. అడవి ఎనుము కారెనుము. ఆ లెక్కన కారు అల్లం అంటే అడవి అల్లం అని చెప్పుకోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే. తెలుగు సాహిత్యం చదువుకుంటున్న అన్నలు, అక్కలు దీని మీద ఇంకా వెతకవచ్చు.

ఇలా శాస్త్రంలోకి వెళ్ళిన తెలుగు పేరు ఇదొక్కటే కాదు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు ప్రజాతి పేరు ‘సోయ్‌మిడా’. చండ్ర చెట్టుకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు మైమోసా ‘సండ్రా’. ఈ మాటలు ఏ దేశపు వృక్షశాస్త్ర గ్రంథంలో కనబడినా అవి మన వాళ్ళ నోటి నుంచి వెళ్ళినవే.

హెర్బేరియం అంటే ఏమిటి?

మొక్కలను పువ్వులతో, కాయలతో సేకరించి, నొక్కి ఆరబెట్టి, ఒక ప్రమాణపు కాగితం మీద కుట్టి లేదా అంటించి, పూర్తి వివరాలు రాసి, వర్గీకరణ క్రమంలో భద్రపరచే చోటును హెర్బేరియం అంటారు. ఈ పద్ధతిని 16వ శతాబ్దంలో ఇటలీలో లూకా గిని అనే అధ్యాపకుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు ప్రపంచంలో 3,500 వరకు హెర్బేరియంలు, వాటిలో 39 కోట్లకు పైగా నమూనాలు ఉన్నాయి. లండన్ దగ్గర క్యూలో సుమారు 70 లక్షలు, మన దేశంలో హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షలు ఉన్నాయి. హౌరా తోట 1787లో మొదలైంది. ఇంజరంలో ఉప్పెన వచ్చినదీ ఆ సంవత్సరమే. 1793లో రాక్స్‌బర్గ్ ఆ తోటకు అధికారిగా వెళ్ళాడు.

దక్షిణ భారతపు మొక్కలకు కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియం ముఖ్యమైనది. మన రాష్ట్రంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాలలో హెర్బేరియంలు ఉన్నాయి. 2022లో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దాదాపు లక్ష నమూనాల ఫొటోలను కంప్యూటర్‌లో అందరూ చూసేలా పెట్టింది. ఇదివరకు కలకత్తా రైలెక్కితేగాని చూడలేని షీటును ఇప్పుడు మన ఊరి నెట్ సెంటర్‌లో కూర్చుని చూడవచ్చు.

షీటును ఎలా చదవాలి?

హెర్బేరియం షీటు సుమారు 42 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు ఉంటుంది. కుడివైపు కింది మూలలో లేబుల్ ఉంటుంది. అందులో ఉండవలసినవి:

1. శాస్త్రీయ నామం, కుటుంబం
2. స్థానిక నామం
3. సేకరించిన స్థలం – ఊరు, మండలం, జిల్లా
4. తేదీ
5. నేల, పరిసరాలు – చేను గట్టు, కాలువ ఒడ్డు, గుట్ట, ఉప్పు నేల మొదలైనవి
6. మొక్క ఎత్తు, పువ్వు రంగు, వాసన
7. స్థానిక ఉపయోగం
8. సేకరించినవారి పేరు, సేకరణ సంఖ్య

పువ్వు రంగు, వాసన ఎందుకు రాయాలి? ఎండిన తరువాత రెండూ ఉండవు కనుక. మొక్కలో మిగలని దానిని అక్షరంలో మిగల్చడమే లేబుల్ పని. స్థలం, తేదీ లేని షీటు ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

ఒక్క షీటు ఒక ఊరి, ఒక రోజు సంగతి మాత్రమే చెబుతుంది. వంద షీట్లు పక్కపక్కన పెడితే వేరే సంగతులు తెలుస్తాయి. ఒక మొక్క వందేళ్ళ క్రితం ఏ నెలలో పూసేది, ఇప్పుడు ఏ నెలలో పూస్తోంది. ఒకప్పుడు ఎన్ని ఊళ్ళలో ఉండేది, ఇప్పుడు ఎన్ని ఊళ్ళలో ఉంది అనేవి అలా తేలతాయి. మన మొక్క సంగతే చూడండి. కుందేటి కొమ్ములలో కొంచెం కొంచెం తేడాలున్న మొక్కలకు కారల్లుమా ఫింబ్రియేటా, కారల్లుమా అటెన్యుయేటా అని వేరు వేరు జాతుల పేర్లు ఉండేవి. 1931లో మద్రాసు మ్యూజియంకు చెందిన గ్రేవ్‌లీ, మయూరనాథన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భారతదేశపు కారల్లుమాలన్నింటినీ పరిశీలించి, ఇవి ఒకే జాతిలోని రకాలని ప్రకటించారు. 2017లో బ్రయన్స్ బృందం డి.ఎన్.ఏ. పరిశోధనల ఆధారంగా ఈ ప్రజాతిని సెరోపీజియాలో కలిపేయాలని ప్రతిపాదించింది. అందరూ దానిని ఒప్పుకోలేదు. శాస్త్రీయ నామం ఇలా మారుతూ ఉంటుంది. మారనివి లేబుల్ మీద రాసిన ఊరు, తేదీ, స్థానిక నామం.

పాత షీటు కొత్త ప్రశ్నకు కూడా జవాబు చెప్పగలదు. 1840లలో ఐర్లాండులో తెగులు సోకి బంగాళాదుంప పంట నాశనమై, కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. ఆ కాలంలో ఎవరో ఎండబెట్టి దాచిన తెగులు ఆకుల నుంచి 2013లో డి.ఎన్.ఏ. తీసి, ఆ తెగులును కలిగించిన రకం ఏదో కనుక్కున్నారు. ఆ ఆకు దాచినవాళ్ళకు డి.ఎన్.ఏ. అనే మాట కూడా తెలియదు. మనం ఈరోజు జాగ్రత్తగా చేసిన షీటు ఎప్పుడు ఎవరికి ఉపయోగపడుతుందో మనం చెప్పలేము.

ఆకలి మొక్క, మందు బిళ్ళ

రాక్స్‌బర్గ్ ఇక్కడ ఉండగానే, 1789 – 1792 మధ్య, ఉత్తర సర్కారు జిల్లాలను ఘోరమైన కరువు పీడించింది. చుట్టూ ప్రజలు ఆకలితో చనిపోవడం అతను చూశాడు. కరువులో ఆదుకునే కొబ్బరి వంటి ఆహారపు చెట్లు నాటించాలని కంపెనీకి సూచించాడు. ఏ ఆకు తినవచ్చు, ఏ దుంప తినవచ్చు అనేది అటువంటి రోజుల్లో పుస్తక జ్ఞానం కాదు, ప్రాణం నిలిపే జ్ఞానం. కుందేటి కొమ్ములను పశువుల కాపరులు, కూలీలు, అడవికి పోయేవాళ్ళు ఆకలి తీరడానికి పచ్చిగా నమలడం, కొన్నిచోట్ల కూరగా, పచ్చడిగా చేసుకోవడం మన దేశంలో చాలా ప్రాంతాల్లో ఉంది.

ఆ మొక్క సారమే ఈ మధ్య కాలంలో లావు తగ్గించే బిళ్ళలుగా దేశవిదేశాల్లో అమ్ముడవుతోంది. 2007లో బెంగళూరులో 50 మంది మీద 60 రోజులు జరిపిన పరీక్షలో ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి. కాని బరువులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి ప్రకటనలు చెప్పినదంతా నమ్మనవసరం లేదు. మనం గమనించవలసినది మరొకటి. తిండి లేనివాడు కనిపెట్టి చెప్పిన సంగతి తిండి ఎక్కువైనవాడికి మందు అయింది. చెప్పినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

పేరు చెప్పినవారి పేరేది?

షీటు మీద సేకరించినవారి పేరు ఉంటుంది. మొక్క పేరు చివర వర్ణించినవారి పేరు సంక్షిప్తంగా ఉంటుంది. ఏగిస చెట్టు శాస్త్రీయ నామం చివర ‘రాక్స్‌బ్.’ అని కనిపించేది రాక్స్‌బర్గ్ పేరే. కాని ‘దొరా, దీన్ని కారల్లం అంటారండి’ అని చెప్పింది ఎవరు? తోటలో పనిచేసే కూలీయా, పశువుల కాపరా, కట్టెలకు వెళ్ళిన ఆడమనిషా, నాటు వైద్యుడా? గ్రంథంలో ఆ పేరు లేదు. ఆ అందమైన బొమ్మలు వేసిన మన చిత్రకారుల పేర్లు కూడా చాలావరకు తెలియవు.

ఇలాగే జరిగి తీరాలని ఏమీ లేదు. అంతకు వందేళ్ళ ముందే కేరళలో డచ్చివారు తెచ్చిన ‘హోర్టస్ మలబారికస్’ అనే 12 సంపుటాల గ్రంథంలో, మొక్కల గుణాలు చెప్పిన ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుని పేరు, ఆయన స్వయంగా ఇచ్చిన ధ్రువీకరణ అచ్చయి ఉన్నాయి. తరువాతి కాలంలో ఒక మొక్కల ప్రజాతికి ఆయన పేరు మీద ‘అచుడేమియా’ అని పేరు పెట్టారు. రాసేవాడు తలచుకుంటే చెప్పినవాడి పేరు కూడా నిలుస్తుందని దీనివల్ల తెలుస్తోంది.

ఈ విషయం మన హాస్టల్ పుస్తకంలో ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది అమ్మానాన్నలు కూలిపని చేసేవాళ్ళే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా అమ్మ సంతకం చేయడం నా ఇంటర్ రోజుల్లో నేర్చుకుంది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు కలుపు మొక్కలు సేకరించవలసి వచ్చినప్పుడు ఆమెతో, ఆమె ఊడ్పుల ముఠాతో పాటు చేలోకి వెళ్ళాను. ఊద, తుంగ, గుంటగలగర, పొన్నగంటి, నేల ఉసిరి, అటికమామిడి, గురుగు... ఒక్క పూటలో ముప్పై పేర్లు చెప్పారు. ఏది లేతగా ఉన్నప్పుడు పీకాలో, ఏది గేదె తినదో, ఏది కూర వండుకోవచ్చో, ఏది నూరి గాయానికి కడతారో చెప్పారు. పూత లేని రెండు తుంగ మొక్కలను చేత్తో నలిపి, వాసన చూసి, వేరు వేరని తేల్చారు. మేము పూత వచ్చేదాకా ఆగి, పుస్తకం దగ్గర పెట్టుకుని భూతద్దంతో చూస్తే గాని తేల్చలేని సంగతి అది. గుంటగలగర శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అని నేను చెబితే వాళ్ళు నవ్వారు. ‘దానికి అంత పెద్ద పేరా!’ అని మా పిన్ని అంది. నా షీట్ల లేబుళ్ళలో ‘స్థానిక నామం చెప్పినవారు’ అని ఒక గడి చేర్చి, వాళ్ళ అనుమతి అడిగి వాళ్ళ పేర్లు రాశాను. మా అధ్యాపకులు అది చూసి, మిగిలిన విద్యార్థులను కూడా ఆ గడి పెట్టమన్నారు.

చదువుకున్న తరువాత ఇంట్లోవాళ్ళకు ఏమీ తెలియదని అనుకోవడం సులభం. హెర్బేరియం నాకు నేర్పింది దానికి వ్యతిరేకమైన పాఠం. వాళ్ళకు తెలిసినది రాతలోకి రాలేదు, అంతే. దానిని రాతలోకి తేవడానికి మనకు చదువు వచ్చింది.

హాస్టల్‌లో హెర్బేరియం ఎలా చేయాలి?

దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినవి పాత వార్తాపత్రికలు, రెండు అట్టలు, డ్రాయింగ్ షీట్లు, సూది దారం, జిగురు, ఒక నోటు పుస్తకం. ప్రెస్ లేకపోయినా ఫరవాలేదు, మన ఇనప ట్రంకు పెట్టెలే ప్రెస్.

1. పువ్వు, వీలైతే కాయ కూడా ఉన్న కొమ్మను ఎంచుకోండి. చిన్న మొక్క అయితే వేరుతో సహా తీయండి. అక్కడ ఆ రకం మొక్కలు పది కూడా లేకపోతే తీయవద్దు, ఫొటో తీసి వివరాలు రాసుకోండి.
2. అక్కడికక్కడే నోటు పుస్తకంలో సంఖ్య వేసి స్థలం, తేదీ, పువ్వు రంగు, స్థానిక నామం రాయండి. హాస్టల్‌కు వచ్చాక రాద్దామని వాయిదా వేయవద్దు.
3. ఆకులు మడత పడకుండా వార్తాపత్రిక మధ్య పరచండి. ఒకటి రెండు ఆకులు అడుగు వైపు కనిపించేలా తిప్పి పెట్టండి. పైన అట్ట పెట్టి, దాని మీద ట్రంకు పెట్టె బరువు పెట్టండి.
4. మొదటి వారం రోజూ కాగితాలు మార్చండి. వానాకాలంలో పూటకొకసారి మార్చాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక అశ్రద్ధ చేస్తే బూజు పడుతుంది.
5. కుందేటి కొమ్ములు, కలబంద వంటి కండగల మొక్కలు ప్రెస్‌లో కూడా చాలా రోజులు బతికే ఉంటాయి. కాండాన్ని నిలువుగా చీల్చి, కొద్దిసేపు వేడినీటిలో ముంచి, తడి ఒత్తి ప్రెస్ చేయాలి. వేడినీటి పని వంటగదిలో పెద్దవాళ్ళ సాయంతోనే చేయండి. పువ్వు ఆకారం చెడిపోతుంది కనుక ముందుగానే బొమ్మ గీసుకోవాలి.
6. బాగా ఎండిన తరువాత షీటు మీద దారంతో కుట్టి లేబుల్ అంటించండి. రాలిన గింజలను చిన్న కాగితం పొట్లంలో పెట్టి షీటుకే అంటించండి.
7. పురుగు పట్టకుండా పాత రోజుల్లో పాదరస క్లోరైడు పూసేవారు. అది తీవ్రమైన విషం, దాని జోలికి పోవద్దు. ఇప్పుడు చాలా హెర్బేరియంలు నమూనాలను సంచిలో మూసి డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచుతున్నాయి. పాత హెర్బేరియం షీట్లు తాకినప్పుడు తప్పక చేతులు కడుక్కోండి.

రిజర్వు అడవిలో, కోరంగి మడ అడవిలో అనుమతి లేకుండా ఏ మొక్కా తీయరాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, స్థానిక మొక్కలను, వాటి గురించి ప్రజలకు ఉన్న జ్ఞానాన్ని నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పంచాయతీ ఆఫీసులో ఆ రిజిస్టరు చూపించమని అడగండి. మీ వాడలో వాళ్ళకు తెలిసిన మొక్కల పేర్లు అందులో ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే రాయించండి.

ఈ దారిలో నడిచినవారు

మొక్కల చదువు ఏం అన్నం పెడుతుందని మీలో కొందరికి సందేహం ఉంటుంది. అటవీశాఖ ఉద్యోగాలు, అధ్యాపక వృత్తి, భారత వృక్ష సర్వేక్షణ, ఔషధ మొక్కల పరిశోధన సంస్థలు ఉన్నాయి. దారి సులభమని చెప్పను, కాని దారి ఉంది. 1897లో కేరళలోని తలశ్శేరిలో, వెనుకబడినదిగా చూడబడిన తియ్య కులంలో పుట్టిన జానకి అమ్మాళ్ 1931లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. చెరకు మీద గొప్ప పరిశోధన చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత భారత వృక్ష సర్వేక్షణ సంస్థను తీర్చిదిద్దే బాధ్యతను ప్రభుత్వం ఆమెకే అప్పగించింది. ఒకనాడు కంపెనీ దొరలు సాగించిన పనికి ఆమె సారథి అయ్యారు.

ముగింపు

ఇంజరం ఉప్పెనలో షీట్లు పోయాయి. కాని మొక్కల పేర్లు జనం నోళ్ళలో ఉండబట్టి రాక్స్‌బర్గ్ వాటిని మళ్ళీ అడిగి రాసుకోగలిగాడు. ఈనాడు పరిస్థితి తిరగబడింది. షీట్లు ఇనప బీరువాలలో, కంప్యూటర్లలో భద్రంగా ఉన్నాయి. నోళ్ళలోని పేర్లే పోతున్నాయి. కలుపు మందులు వచ్చాక కలుపు తీసే ముఠాలు తగ్గాయి, ఆ పేర్లు పలికే సందర్భాలూ తగ్గాయి. మన అమ్మమ్మల తరంతో అవి పోకముందే రాసుకోవలసింది మనమే. రాసేటప్పుడు చెప్పినవారి పేరు కూడా రాద్దాం.

మీ అభ్యాసానికి

1. స్థలం, తేదీ లేని హెర్బేరియం షీటు శాస్త్రానికి ఎందుకు పనికిరాదు?
2. కండగల మొక్కను ప్రెస్ చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. ‘కారల్లుమా’ తెలుగు పేరు నుంచి వచ్చిందనడానికి ఆధారం ఏమిటి?
4. మీ ఊరి చేలగట్ల మీది పది మొక్కల పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా అది చెప్పినవారి పేరు, తేదీ, వారు చెప్పిన ఉపయోగం రాయండి.

నాలుగవ ప్రశ్నకు జవాబులు తెచ్చినవారందరివి కలిపి వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ గోడ మీద ఒక పెద్ద చార్టుగా పెడదాం. శాస్త్రీయ నామాలు గుర్తించి రాసే పని నాది.